మూడు వందల నలభై ఒక్క నమస్కారాలు

నా ఉద్యోగంలో నాకు వచ్చిన ప్రమోషన్లు రెండు. మొదటిదానికి చక్రాలున్న కుర్చీ ఇచ్చారు. రెండోదానికి ఆ కుర్చీకి ఊడిపోయిన చక్రం వేయించారు. కాబట్టి ప్రమోషన్ల సంగతి ఇంతటితో వదిలేస్తున్నాను.

మొదట్లో చిత్తూరులో ఒక బెల్లం మండీలో కాటా దగ్గర తూకాలు రాసేదాన్ని. చదివింది ఇంటరు. మండీకి కంప్యూటరు కాటా వచ్చినప్పుడు దాంతోపాటు ఒక పుస్తకం వచ్చింది. ఎవరూ దాన్ని విప్పలేదు. నేను పదకొండుసార్లు చదివాను. పన్నెండోసారి చదువుతుంటే అందులో ఒక లెక్క తప్పని తేలింది. కాటా అమ్మినవాళ్ళకు ఫోన్ చేసి చెప్పాను. "మీరేం చదువుకున్నారు మేడమ్?" అని అడిగారు. "మీ పుస్తకమే" అన్నాను.

ప్రోగ్రాములు రాసే పనిలోకి అలా వచ్చాను. చివరి పద్నాలుగేళ్ళు తిరుపతిలో, ఒక ట్రావెల్స్ పైన రెండో అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో గడిచాయి. యాభై మూడో ఏట మోకాళ్ళు కూడా నాలాగే మెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. ముప్పై ఎనిమిది. మానేశాను.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను అడుగుతుంటారు, ఏ భాష నేర్చుకోవాలి అని. ఏదైనా నేర్చుకోండి. ప్రోగ్రాం రాయడం ఈ ఉద్యోగంలో మూడో వంతు. మిగతా రెండు వంతులు, ఇదివరకు ఎవరు ఏం రాశారో, ఎందుకు రాశారో కనుక్కోవడం. ఆ 'ఎవరు' చాలాసార్లు మీరే అయి ఉంటారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు రెండు పదాలు

తెలిసినవాళ్ళు ఈ భాగం దాటేయవచ్చు. పదిమంది కలిసి ఒకే ప్రోగ్రాం మీద పనిచేసేటప్పుడు, ఎవరు చేసిన మార్పు వాళ్ళు ఒక చీటీ రాసి భద్రం చేస్తారు. దాన్ని కమిట్ అంటారు. చీటీ మీద ఏం మార్చారో రాయాలి. అసలు ప్రోగ్రాంను మెయిన్ అంటారు. దాన్ని చెడగొట్టకుండా పక్కన ఒక నకలు తీసుకుని అందులో పనిచేసుకుంటే అది బ్రాంచి. పని అయ్యాక దాన్ని మళ్ళీ మెయిన్‌లో కలపడం మెర్జ్. ఇద్దరు ఒకే చోట రెండు రకాలుగా మార్చి ఉంటే కలిసేటప్పుడు తగువు వస్తుంది, దాన్ని మనిషి కూర్చుని తీర్చాలి. ఇంతే. ఇది అర్థమైతే చాలు, మిగతాదంతా మనుషుల గోలే.

మనుషులు

మా ఆఫీసులో నలుగురం. యజమాని చెంగల్రాయులు సార్. ప్రోగ్రాం రాయడం రాదు, కానీ ఎక్కడ తప్పు జరిగినా ఖాతాదారుకు తానే ఫోన్ చేసి "తప్పు మాదే అప్పా" అని చెప్పేవాడు. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా మాలో ఎవరి పేరూ బయట చెప్పలేదు. అలాంటి పైఅధికారి దొరికితే మిగతా లోపాలన్నీ భరించవచ్చు. లోపాలు రెండు, వస్తున్నాయి.

తర్వాత ఢిల్లీబాబు. ముప్పై ఐదేళ్ళవాడు, ఢిల్లీ ఎప్పుడూ చూడలేదు, చేయి వేగం, నోరు అంతకంటే వేగం. తర్వాత గ్రేస్. నెమ్మదస్తురాలు, రాసిన ప్రతిదీ సరిగ్గా ఉండేది. తర్వాత నేను, వసంత. నాకు అందరి తప్పులూ లెక్కపెట్టే అలవాటు. అందరివీ అంటే మిగతా ముగ్గురివి.

బ్రాంచి వయసు

ఢిల్లీబాబు బ్రాంచీలకు పెట్టే పేర్లు ఇవి: కొత్తది, కొత్తది రెండు, అసలు కొత్తది, ఇదే చివరిది, చివరిదాని తర్వాతది. ఒకసారి నేను అడిగాను.

"ఏమబ్బా, వీటిల్లో బస్సుల పని యాడుండాది?"

"అసలు కొత్తదాంట్లో అక్కా."

"మరి 'ఇదే చివరిది' ఎందుకు?"

"దాంట్లో ఏముందో చూద్దామని నేనూ అనుకుంటా ఉండా."

ఆ బస్సుల పని శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీకి. ఏ ఊరి నుంచి ఎందరు పనికి వస్తారో చూసి బస్సులు వేయాలి. ఢిల్లీబాబు దానికోసం బ్రాంచి తీసుకుని ఏడు నెలలు అందులోనే కాపురం ఉన్నాడు. ఆ ఏడు నెలల్లో మేము మెయిన్‌లో ఇల్లంతా మార్చేశాం. తలుపు ఉన్నచోట గోడ వచ్చింది. అతను పెట్టే బేడా సర్దుకుని తిరిగివచ్చేసరికి లోపలికి దారి లేదు.

అప్పటికి నేను నా అనుభవంలోంచి ఒక లెక్క కట్టుకుని ఉన్నాను. వారం వయసున్న బ్రాంచిని కలపడానికి అరగంట పడుతుంది. రెండు వారాలదైతే గంట కాదు, రెండు గంటలు. నాలుగు వారాలదైతే ఒక రోజంతా. వయసు రెట్టింపైతే తంటా నాలుగింతలు. ఈ ప్రకారం ఇరవై ఎనిమిది వారాల బ్రాంచికి మూడు వందల తొంభై రెండు గంటలు, అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున నలభై తొమ్మిది పనిరోజులు. కాగితం మీద వేసి చూపించాను. ఢిల్లీబాబు కాగితం తిరగేసి కూడా చూశాడు. తర్వాత మొత్తం పారేసి పదకొండు రోజుల్లో మళ్ళీ మొదటినుంచి రాశాడు.

నా మాట: బ్రాంచికి అది చేసే పని పేరు పెట్టండి. వారంలో తిరిగి ఇంటికి తీసుకురండి. అంతకంటే పెద్ద పనైతే, పని పెద్దదని కాదు, మీరు దాన్ని ముక్కలు చేయలేదని అర్థం.

మొదటి లైను

సార్ లోపాల్లో మొదటిది ఇది. ఏ కాగితం రాసినా పైన దేవుడి పేరు రాయాలనేది ఆయన పద్ధతి. టీ చీటీ మీద కూడా రాసేవాడు. కమిట్‌కు చీటీ రాయాలని తెలియగానే మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టాడు.

"మొదటి లైను 'శ్రీ వరసిద్ధి వినాయకాయ నమః'. ఆ తర్వాత మీ ఇష్టం. సరేనా?"

గ్రేస్ మెల్లగా అంది, "సార్, నేను వేరేది రాసుకోవచ్చా?"

"నీకు ఎవరుంటే వాళ్ళ పేరు రాయమ్మా. ఎవరో ఒకరు సూసుకోవాల గదా, మనమైతే సూసుకోలేము."

ఆమె 'ప్రభువుకు స్తోత్రం' అని రాసేది.

ఇందులో దేవుడి తప్పు ఏమీ లేదు. చిక్కు ఏమిటంటే, కమిట్ల జాబితా తెరిస్తే అది ఒక్కొక్కదానికి మొదటి లైను మాత్రమే చూపిస్తుంది. ఏం మార్చారో తెలియాలని ఆ ఏర్పాటు. మా జాబితా తెరిస్తే పైనుంచి కింది దాకా వరుసగా నమస్కారాలు కనబడేవి. ఒకరోజు సార్ నా వెనక నిలబడి తెరను చూస్తూ రెండు చేతులూ జోడించాడు. ఆయనకు ఆ పేజీ చాలా నచ్చింది.

పోనీ రెండో లైనులోనైనా ఏమైనా ఉండేదా అంటే, ఢిల్లీబాబు 'చిన్న మార్పు' అని రాసేవాడు. ఒకసారి ఆ చిన్న మార్పులో పద్దెనిమిది వందల లైన్లు ఉన్నాయి. నేను 'సార్ చెప్పిన మార్పులు' అని రాసేదాన్ని. అది నాకు అప్పట్లో చాలా క్రమశిక్షణగా తోచేది.

ఇంకొకటి. అందరం ఒకే లాగిన్‌తో పనిచేసేవాళ్ళం, అది సార్ పేరు మీద ఉండేది. ఆఫీసు ఆయనది కదా అని ఎవరూ ఆలోచించలేదు.

రాహుకాలం

రెండో లోపం. రాహుకాలంలో మెర్జ్ చేయకూడదు. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర, బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర, ఇలా రోజుకొక గంటన్నర. నేనే ఒక పట్టిక గీసి గోడకు అంటించాను. పట్టిక గీయమంటే నేను ఏ పట్టికైనా గీస్తాను, అది నా బలహీనత.

ఫలితం ఏమిటంటే, ముగ్గురం పని పూర్తిచేసుకుని గడియారం చూస్తూ కూర్చునేవాళ్ళం. నాలుగున్నర కాగానే ముగ్గురం ఒకేసారి కలిపేవాళ్ళం. ఒకరి మార్పు మీద ఒకరిది పడి తగువు. అది తీర్చేసరికి ఆరు. నేను ఒక నెల లెక్కపెట్టాను. తగువులు జాస్తిగా వచ్చేది రాహుకాలం అయిపోయిన పది నిమిషాల్లోనే. సార్‌కు చూపించాను.

"చూసినావా వసంతమ్మా," అన్నాడు. "అయిపోయినాక కూడా దాని ప్రభావం ఎంతుండాదో!"

తొంభై తొమ్మిది

ఇక అసలు సంగతి. ఇది నేను చెప్పకపోతే ఢిల్లీబాబు చెబుతాడు, అతను చెబితే ఇంకా పెద్దదవుతుంది.

మామిడి కాలంలో చిత్తూరు దారిలో ఉన్న ఒక గుజ్జు ఫ్యాక్టరీకి మేము టోకెన్ల ప్రోగ్రాం చేసి ఇచ్చాం. తోతాపురి కాయలు వేసుకుని ట్రాక్టర్లు గేటు ముందు బారులు తీరతాయి. అంతకుముందు సిఫారసు ఉన్నవాడు ముందు, లేనివాడు వెనక. మా ప్రోగ్రాం వచ్చాక గేటు దగ్గర స్క్రీన్ మీద ఏ నంబరు పడితే ఆ బండే లోపలికి పోవాలి. వాచ్‌మన్ తన ఇష్టంతో ఎవరినీ వదలకూడదు. నాకు దాని గురించి చాలా గర్వంగా ఉండేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి మునెమ్మ అనే రైతు ఫోన్ చేసింది. పూతలపట్టు దగ్గర పల్లె. అరవై దాటిన గొంతు. ఆదివారం ఫోన్లోనే టోకెను తీసుకుని, కాయలు కోసి బండికెత్తిందట. దారిలో టైరు పగిలి, సోమవారం పదింటికి గేటు చేరింది. అప్పటినుంచి అక్కడే ఉంది.

"పాపా, నా ఎనక వచ్చినోళ్ళు పోతా ఉండారు. నా నంబరు మాత్రం రాలా. వాచ్‌మన్‌నడిగితే స్క్రీన్ నడుగు అంటాడు. స్క్రీన్‌నడిగితే అది పలకదు. ఈ కంప్యూటరు నాకేమన్నా దాయాదా?"

"మీ నంబరెంత పెద్దమ్మా?"

"తొంభై తొమ్మిది."

"ఇప్పుడు లోపలికి పోయింది ఎంత?"

"నూట నలభై ఒకటి. కాయలు కింద నల్లబడతా ఉండాయి పాపా. బండి కిందనించి రసం కారతా ఉండాది. నాలుగింటికి గేటు మూసేస్తారంట, ఏందో బాయిలరు కడుగుతారంట. మళ్ళీ గురువారమే అంట. గురువారానికి ఇవి కాయలుగా ఉండవు. ఏడాది పంట ఇది."

ఏం జరిగిందో నాకు అర నిమిషంలో తెలిసింది. టోకెను ముందు సున్నా ఉండాలి: 099, 100, 101. అప్పుడే కంప్యూటరు వాటిని సరైన వరుసలో పెడుతుంది. ఎవరో ఆ సున్నా తీసేశారు. సున్నా లేకపోతే అది మాటల్లాగా మొదటి అంకె చూసి వరుస పెడుతుంది. తొమ్మిదితో మొదలయ్యేది ఒకటితో మొదలయ్యేవాటన్నిటి వెనక నిలబడుతుంది. కాబట్టి నూట నలభై రెండు, నూట నలభై మూడు వస్తూ ఉన్నంతకాలం తొంభై తొమ్మిదికి వంతు రాదు.

మరి ముందే ఎందుకు బయటపడలేదంటే, ఈ ఏడు మొదటి రోజు పూజకు తొమ్మిది బండ్లే రప్పించి, అవి దిగాకే పదో టోకెను ఇచ్చారు. ఆదివారం సాయంత్రానికి తొంభై ఎనిమిది దాకా అందరూ దిగేశారు. సోమవారం నుంచి వచ్చినవాళ్ళంతా నూరు దాటినవాళ్ళు. వాళ్ళ మధ్య రెండంకెల నంబరుతో మిగిలింది మునెమ్మ ఒక్కతే. ఆ ఒక్క టైరు పగలకపోతే మా తప్పు ఎవరికీ తెలిసేది కాదు.

ఫ్యాక్టరీ మేనేజరుకు ఫోన్ చేశాను, ఆ ఒక్క బండిని చేత్తో వదలమని. "స్క్రీన్ మీద పడనిదే వదలకూడదని రాసిచ్చింది మీరే గదా మేడమ్" అన్నాడు. రాసిచ్చింది నేనే.

తొమ్మిది పరీక్షలు

సరే, సున్నా మళ్ళీ పెట్టేస్తే సరిపోదా? సరిపోదు. మామిడి కాలం నడుస్తుండగా ప్రోగ్రాంలో కొత్తగా ఏమీ రాయకూడదని ఫ్యాక్టరీతో మాకు ఒప్పందం. ఏదైనా మార్పు చెడ్డదైతే ఆ కమిట్‌ను వెనక్కి తీసేయవచ్చు, అంతే. అంటే ఆ సున్నా తీసిన కమిట్ ఏదో దొరకాలి.

జాబితా తెరిచాను. పోయిన ఏటి మామిడి కాలం ముగిశాక చేరిన కమిట్లు నాలుగు వందల పన్నెండు. అందులో డెబ్బై ఒకటి స్తోత్రాలు. అవి గ్రేస్‌వి, ఆమె టోకెన్ల జోలికి పోలేదు. మిగతా మూడు వందల నలభై ఒకటీ వినాయకుడికి నమస్కారాలు. తేడా లేదు. ఒక్కోటి తెరిచి చూడాలంటే సాయంత్రం దాటుతుంది.

అప్పుడు సగం సగం చేశాను. మధ్యలో ఉన్న కమిట్ దగ్గరికి వెళ్ళి సున్నా ఉందా లేదా చూడటం. ఉంటే తప్పు దాని తర్వాత, లేకపోతే తప్పు అందులోనే, లేదా దాని ముందు. నాలుగు వందల పన్నెండు, రెండు వందల ఆరు, నూట మూడు, యాభై రెండు, ఇరవై ఆరు, పదమూడు, ఏడు, నాలుగు, రెండు, ఒకటి. తొమ్మిది పరీక్షలు. ఒక్కోదానికి ఆరు నిమిషాలు. యాభై నాలుగు నిమిషాల్లో దొరకాలి. (ఈ పని చేసిపెట్టే ఆజ్ఞ ఒకటి కమిట్లు దాచే ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉందని నాకు రెండేళ్ళ తర్వాత తెలిసింది. దాని పుస్తకం నేను అయిదుసార్లే చదివాను.)

ఒంటిగంట యాభై అయిదుకు మొదలుపెట్టాను. పరీక్షకూ పరీక్షకూ మధ్య ఢిల్లీబాబును తిట్టాను. 'చిన్న మార్పు' అని రాసే మనిషే ఇలాంటి పని చేస్తాడని నాకు సందేహం లేదు.

"నేను కాదక్కా."

"ఎట్ల కాదంటావు? నీకేమన్నా గ్యాపకం ఉంటుందా?"

"అదే చెప్తా ఉండా. గ్యాపకం లేదు. లేనప్పుడు నేను కాదనే అనుకోవాల గదా."

రెండు నలభై తొమ్మిదికి దొరికింది. మొదటి లైను, శ్రీ వరసిద్ధి వినాయకాయ నమః. చేసినవారి పేరు, అన్నిటికీ ఉన్నట్టే, చెంగల్రాయులు.

సార్ ముఖం ఎర్రబడింది. ఫ్యాక్టరీకి ఏం చెప్పాలో కాదు ఆయన బాధ. రైతు కాయలు మా వల్ల పాడవుతున్నాయని. "ఎవరు తీసినారు? నిజం సెప్పండి. సెప్పకపోతే రేపు తెల్లారి అందరం కాణిపాకం పోదాం. కోనేట్లో మునిగి స్వామి ముందర ప్రమాణం సేస్తే అప్పుడు తేలుతుంది."

ఢిల్లీబాబు అన్నాడు, "అందరం ఎందుకు సార్? రికార్డు ప్రకారం నాలుగు వందల పన్నెండూ మీరే చేసినారు. మీరొక్కరు మునిగితే చాలు."

"నాకు టైపింగే రాదు గదరా!"

"అది స్వామికి చెప్పుకోండి సార్."

గ్రేస్ మాత్రం తెర దగ్గరికి వచ్చి నిదానంగా కిందికి జరిపింది. తేదీ ఉంది. ఉగాది మరుసటి రోజు. ఆ రోజు ఢిల్లీబాబు అత్తగారి ఊళ్ళో ఉన్నాడు. గ్రేస్ సెలవు. రెండో లైను చూసింది, నా వైపు చూసింది. నేను కూడా చదివాను. 'సార్ చెప్పిన మార్పులు.'

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఆఫీసులో నేనొక్కదాన్నే. సార్ ఫోన్ చేశాడు: "టోకెను ముందు ఆ సున్నా ఏందమ్మా? రైతు సేతికి సున్నా ఇస్తామా? తీసెయ్." తీసేశాను. ఎందుకు ఉందో నాకు తెలుసు. అయినా తీసేశాను, వరుస సంగతి తర్వాత చూద్దామనుకున్నాను, చూడలేదు. చీటీలో ఆ మాట ఒక్కటి రాసి ఉంటే, 'సున్నా తీశాను, నూరు దాటితే వరుస తప్పుతుంది' అని, ఆ లైను రాస్తుండగానే నా చేయి ఆగిపోయేది. కమిట్ చీటీ ఇతరుల కోసం అనుకుంటారు. ముందుగా చదివేది రాసేవాళ్ళే.

"నేనే" అన్నాను.

ఢిల్లీబాబు నన్ను తిడతాడనుకున్నాను. "ఎట్ల కాదంటావు అని అడగబోతా ఉంటే, నువ్వే ఒప్పుకుంటివి," అన్నాడు. చాలా నిరాశపడ్డాడు.

మూడూ రెండు

ప్రమాణం గురించిన చర్చ పదమూడు నిమిషాలు పట్టింది. వెనక్కి తీసే మీట మీద వేలు పెట్టేసరికి గడియారంలో మూడూ రెండు. మంగళవారం.

"ఆగు వసంతమ్మా," అన్నాడు సార్. "రాహుకాలం వచ్చేసింది."

"సార్, నాలుగింటికి గేటు మూస్తారు. రాహుకాలం నాలుగున్నర దాకా."

"ఇప్పటికే ఆయమ్మకు ఇంత కష్టం. ఈ టైములో ఏమన్నా మొదలుపెట్టి ఇంకా చెడిపోతే?" అది మొండితనం కాదు, భయం. ఆ తేడా తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

అందుకే వాదించలేదు. లెక్క చెప్పాను. "మొదలుపెట్టకూడదు, అంతే కదా సార్? నేను మొదలుపెట్టడం లేదు. చేసినదాన్ని తీసేస్తున్నాను. మీకు సందేహమైతే అడగండి."

సార్ తనకు తెలిసిన పంతులుగారికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. మామిడికాయలు, సున్నా, బ్రాంచి, మెర్జ్ అంతా వివరించాడు. తర్వాత పంతులుగారు అన్నారు:

"నాయనా, నువ్వు చెప్పిందాంట్లో నాకు మామిడికాయలు ఒక్కటే అర్థమైంది. తప్పు చేసినారా, లేదా?"

"చేసినాం సామీ."

"దిద్దుకునేదానికి ముహూర్తం ఎందుకప్పా? కాలు తొక్కినావు, తీసేదానికి పంచాంగం సూస్తావా? ముందు తియ్!"

మూడూ పద్నాలుగు. తీశాను. దానికి రాసిన చీటీ మొదటి లైను ఇది: 'టోకెను ముందు సున్నా తిరిగి పెట్టాను. తీయడం వల్ల 99వ బండి ఆగిపోయింది. తీసింది వసంత.' సార్ నా భుజం మీదుగా చదివి, "దేవుడి పేరు?" అన్నాడు. నాలుగో లైనులో చూపించాను. అక్కడ ఉన్నా దేవుడికి కనబడుతుందని చెప్పాను. సార్ ఆలోచించి తల ఊపాడు.

నంబరు చూడు

ఒక కమిట్‌లో ఒక్క పనే ఉండాలని ఇప్పుడు ఎవరినైనా పట్టుకుని చెబుతాను. ఎందుకంటే ఆ రోజు నా కమిట్‌లో రెండు ఉన్నాయి. మూడూ ఇరవైకి వాచ్‌మన్ ఫోన్ చేసినప్పుడు తెలిసింది.

"అక్కా, స్క్రీన్ మీద నంబరు పడింది. సున్నా తొంభై తొమ్మిది. కానీ దానిమీద పెద్దగా 'ఉగాది శుభాకాంక్షలు' అని, మామిడాకులు, వేపపూతా పడినాయి. జూన్ నెలలో ఉగాది ఏంది?"

పండగ శుభాకాంక్షలు కూడా నేను అదే రోజు, అదే కమిట్‌లో తీసేశాను. సున్నాతోపాటు అవీ తిరిగి వచ్చాయి.

"అది పొరపాటున వచ్చిందబ్బా. గేటు తియ్."

"ఉగాది మాకు సెలవు గదక్కా. సెలవునాడు గేటు తీస్తే మేనేజరు ఊరుకోడు. స్క్రీన్ చెప్పినట్టే చెయ్యమన్నారు గదా?"

"ఈ రోజు ఉగాది కాదయ్యా! మంగళవారం!"

"మంగళవారం ఉగాది రాకూడదా ఏంది?"

వెనకనుంచి ట్రాక్టరు హారను, దానికంటే గట్టిగా మునెమ్మ గొంతు వినిపించాయి. ఆమె అంటున్నది ఇక్కడ రాయలేను. నేను కుర్చీలోంచి లేచి అరిచాను. కుర్చీ చక్రాల మీద వెనక్కి పోయి గోడకు కొట్టుకుంది.

"నంబరు చూడు! పండగ చూడొద్దు! నంబరు చూడు!"

ఆఫీసులో నలుగురమూ ఫోన్ చుట్టూ నిలబడి ఉన్నాం. ఇనుపగేటు కిర్రుమని తెరుచుకున్న చప్పుడు వినబడింది. మూడూ ముప్పై ఒకటి. సార్ కళ్ళు తుడుచుకుని, ఫ్యాక్టరీ మేనేజరుకు ఫోన్ కలిపి, "తప్పు మాదే అప్పా" అని మొదలుపెట్టాడు.

నాలుగున్నరకు మునెమ్మే ఫోన్ చేసింది. అడుగున ఉన్న కాయలు కొన్ని పక్కన పెట్టారట, మిగతావన్నీ తీసుకున్నారట.

"పండగేందో తెలీలా గానీ పాపా, నా కాయలు దిగినాయి. ఇంతకీ ఈ తప్పు ఎవురు సేసినారు?"

సార్ చేత్తో సైగ చేశాడు, ఆఫీసుది అని చెప్పమని. నేను నిజం చెప్పాను. "నేనే పెద్దమ్మా."

"నువ్వేనా? ఫోనెత్తి మంచిగా మాట్లాడితివే, నువ్వేనా? అయితే ఆదివారం మా ఇంటికి రా. పూతలపట్టులో దిగి మునెమ్మ ఇల్లంటే ఎవురైనా సూపిస్తారు."

"ఎందుకు పెద్దమ్మా?"

"తిట్టాల నిన్ను. ఫోన్లో సరిగా రాదు. ఎదురుగా కూసోబెట్టి తిడితేనే నాకు మనసు తీరతాది."

ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. వసారాలో మంచం వాల్చి, నీళ్ళు ఇచ్చి, ఎదురుగా కూర్చుని మొదలుపెట్టింది. పదకొండు నిమిషాలు తిట్టింది, నేను గడియారం చూశాను. పన్నెండో నిమిషంలో లేచి అన్నం పెట్టింది.